పానం ఎట్లనో అయితుంది

దసరా సెలవులకు ముందు మన కాలేజీలో జరిగిన రక్తదాన శిబిరం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. పండ్లరసం ప్యాకెట్టు, బిస్కెట్లు, సర్టిఫికెట్, మధ్యాహ్నం క్లాసులు లేకపోవడం. మా బెంచీ నుంచి ఐదుగురం పోయాం. లైన్లో నేనే ముందు. వేలికి సూది గుచ్చి, ఆ చుక్కను చిన్న మిషన్లో పెట్టి, అక్కడ కూర్చున్న అక్క "10.8" అని కాగితం మీద రాసి పక్కకు పెట్టింది. "12.5 ఉండాలమ్మా. నువ్వు ఇయ్యరాదు. మంచిగ తిను" అంది. వెనకాల ఎవరో "బతికిపోయినవ్ పో!" అని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత హాస్టల్ రూముకు పోయి తలుపేసుకుని ఏడ్చాను. సూదికి భయపడ్డానని నా రూమ్మేట్లు అనుకున్నారు. కాదని అప్పుడు చెప్పలేకపోయాను.

ఈసారి గోడపత్రికకు మన ఊరి గురించి, మన భాష గురించి ఏదైనా రాయమని మేడమ్ అడిగారు. అందుకని ఆ ఏడుపు సంగతే రాస్తున్నాను. అది మా ఊరి సంగతే, మా భాష సంగతి కూడా.

మాది మహారాష్ట్రలో థానే జిల్లా, భివండి. మీలో సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు వాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. మగ్గం బతుకు సాగక, సాంచాల పని వెతుక్కుంటూ తాతల కాలం నుంచి మనవాళ్ళు అక్కడికి పోతూనే ఉన్నారు. పద్మానగర్‌లో దిగితే మీకు వేరే రాష్ట్రంలో ఉన్నట్టే అనిపించదు. బతుకమ్మ ఆడుతారు, సర్వపిండి కాలుస్తారు, గల్లీల్లో "ఏమే", "ఓ వదినే" అనే పిలుపులే. రెండు గల్లీలు దాటితే మాత్రం హిందీ, ఇంకో రెండు దాటితే మరాఠీ. అన్నిటి కిందా పగలూ రాత్రీ ఒకటే చప్పుడు, సాంచాల టకటక. సెలవులకు ఇంటికి పోయిన మొదటి రాత్రి నాకు ఆ చప్పుడుకు నిద్ర రాదు. ఇక్కడికి తిరిగొచ్చిన మొదటి రాత్రి ఆ చప్పుడు లేక నిద్ర రాదు.

మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చిన మనిషి. అమ్మది సోలాపూర్. ఆమె కూడా పద్మశాలీల పిల్లే కానీ చదివింది మరాఠీ మీడియం. అమ్మకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. బాపుకు మరాఠీ చదవడం రాదు. కరెంటు బిల్లు అమ్మ చదువుతుంది, పెండ్లి పత్రిక బాపు చదువుతాడు. నాకూ అన్నకూ రెండూ వచ్చు, బయట హిందీ ఎలాగూ వచ్చు. అందుకే చిన్నప్పటి నుంచి నేను మా గల్లీకి దుబాసీని. రేషన్ ఆఫీసుకు, బ్యాంకుకు, డాక్టర్ దగ్గరికి ఎవరు పోయినా "మీ పిల్లను తోలుర్రి" అని అడిగేవారు. ఆ సంగతి నాకు గొప్పగా ఉండేది. ఇది ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

మూడేండ్ల కింద మా వదిన మొదటి కాన్పు. ఆమెది సిరిసిల్ల. పెండ్లయి వచ్చి ఏడాదిన్నర అయింది. హిందీ నాలుగు ముక్కలు, మరాఠీ సున్నా. తొలి కాన్పుకు తల్లిగారింటికి పోవాలి కానీ వాళ్ళమ్మకు ఆరోగ్యం బాగాలేక భివండిలోనే ఉండిపోయింది. ఎనిమిదో నెలలో పరీక్ష చేస్తే ఆమె హిమోగ్లోబిన్ 9 ఉంది. ఐరన్ గోలీలు రాసిచ్చారు. వదిన వాటిని రెండు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతుందని పరుపు కింద పెట్టేది. నేను చూశాను. "ఎవ్వరికి చెప్పకు" అంటే చెప్పలేదు. అది నా మొదటి తప్పు. అయితే అప్పుడు అది తప్పని అనిపించలేదు, మా వదిన నన్ను నమ్మిందని సంబురపడ్డాను.

జులై నెల, ముసురు. రాత్రి పదిన్నరకు ఒక నర్సింగ్ హోంలో వదినకు ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పే. మాయ కూడా వచ్చిందన్నారు. బాపు, అన్న బయట అందరికీ ఫోన్లు చేస్తున్నారు. అమ్మ బట్టలు, వేడినీళ్ళ ఫ్లాస్కు తేవడానికి ఇంటికి పోయింది. "నువ్వు వదిన పక్కన కూసో, ఏమన్న అడిగితె నర్సుకు చెప్పు" అని నాకు అప్పజెప్పింది.

కొంచెం సేపటికి వదిన "దూప అయితుంది" అంది. పచ్చి బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇయ్యొద్దని బాపమ్మ చెప్పి పంపింది కాబట్టి నేను ఇయ్యలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇయ్యలేదు. తర్వాత "పానం ఎట్లనో అయితుంది" అంది. నేను లేచి నర్సు దగ్గరికి పోయి హిందీలో "ఉన్కీ తబియత్ ఠీక్ నహీ లగ్ రహీ" అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, కాన్పు అయినాక అందరికీ అట్లనే ఉంటుంది, నిద్రపొమ్మను అంది. నేను వచ్చి వదినకు అదే చెప్పాను. వదిన కండ్లు మూసుకుంది. ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉంది. వానకు అనుకున్నాను. దుప్పటి సరిగ్గా కప్పాను.

దాదాపు పావుగంట అట్లనే గడిచింది. అమ్మ వచ్చింది. వదిన ముఖం చూసి "ఏమన్నది?" అని నన్నడిగింది. "పానం ఎట్లనో అయితుందన్నది" అన్నాను. అమ్మ ఫ్లాస్కు కింద పెట్టి, దుప్పటి ఎత్తింది. కింద వేసిన బట్ట, దాని కింది దుప్పటి, దాని కింది రబ్బరు షీటు. అంతా నిండిపోయి మంచం అంచు నుంచి కారుతోంది. అమ్మ గుమ్మంలోంచి గట్టిగా అరిచింది: "తిచా జీవ్ కసాతరీ హోతోయ్!" ఆ మాటకు నర్సు పరుగెత్తి వచ్చింది.

అమ్మ అన్నది వదిన మాటే. ఒక్క పొల్లు తేడా లేదు. పానం అంటే జీవ్, ఎట్లనో అంటే కసాతరీ. వదిన చెప్పింది చెప్పినట్టు చెప్పడానికి మరాఠీలో మాట ఉంది, ఆ మాట నాకూ తెలుసు, ఇంట్లో వెయ్యిసార్లు విన్నాను. కానీ ఆసుపత్రి అనేసరికి నేను మర్యాదగా, బడిలో మాట్లాడినట్టు మాట్లాడాను. "ఒంట్లో బాగాలేదు" అనే మాటకు ఎవరు లేస్తారు? "దూప" సంగతి అసలు చెప్పనే లేదు. గల్లీకంతా దుబాసీనని పేరు తెచ్చుకున్న నేను, చెప్పాల్సిన రెండు మాటల్లో ఒకటి చప్పగా చేశాను, ఒకటి మింగేశాను.

అప్పుడు ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. తర్వాత చదువుకున్నాను, మీకూ తెలియాలని రాస్తున్నాను.

నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాల మూతులు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి కండరాల పోగులు పడుగూ పేకా లాగ ఒకదాన్నొకటి దాటుకుంటూ ఆ నాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. కాన్పు కాగానే సంచి గట్టిగా ముడుచుకుంటే ఆ నేత బిగిసి నాళాలన్నీ నొక్కుకుపోతాయి. ముడుచుకోకపోతే, నేత వదులైతే, రక్తం ఆగదు. నూటికి డెబ్బై వరకు కాన్పు రక్తస్రావాలకు ఇదే కారణం. మిగిలినవి మూడు: మాయ ముక్క లోపల మిగిలిపోవడం, లోపల ఎక్కడో చిరుగు పడడం, రక్తం గడ్డకట్టే గుణం పోవడం. కాన్పు తర్వాత 24 గంటల్లో 500 మిల్లీలీటర్లు దాటి రక్తం పోతే డాక్టర్లు దాన్ని ప్రమాదం కిందనే లెక్కవేస్తారు. ఏం చెయ్యకుండా వదిలేస్తే రెండు గంటల్లోనే మనిషి పోవచ్చు. ప్రపంచంలో ఏటా సుమారు 70,000 మంది తల్లులు ఇట్లా పోతున్నారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది.

వయసులో ఉన్న ఆడమనిషి శరీరం చాలా సేపు ఓర్చుకుంటుంది. బీపీ చివరిదాకా పడదు. ముందు నాడి వేగం పెరుగుతుంది, దూప అవుతుంది, చల్లటి చెమట పడుతుంది, మనసు నిలకడగా ఉండదు. అంటే "పానం ఎట్లనో అయితుంది" అనేది ఊరికే అనే మాట కాదు. మిషన్ల కంటే ముందు మనిషి చెప్పే లక్షణం అది.

ఇంకో సంగతి. రక్తం ఎంత పోయిందో కంటితో చూసి చెప్పడం డాక్టర్లకు కూడా కష్టం. బట్ట పీల్చుకుంటుంది. బట్ట నేసే ఇంటి పిల్లను, నూలు బట్ట ఎంత నీళ్ళు తాగుతుందో నాకు తెలియాలి కదా! అందుకే ఇప్పుడు కాన్పు అయిన వెంటనే నడుము కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి లాంటి షీటు పరుస్తున్నారు. రక్తం అందులోకి జారుతుంది, ఎన్ని మిల్లీలీటర్లో గీత చూసి చెప్పొచ్చు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల మందికి పైగా కాన్పుల మీద దీన్ని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆ షీటుతో కొలిచి, ప్రమాదం కనిపించగానే పొట్ట మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని వెనక ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం 60 శాతం తగ్గింది. ఖరీదైన మిషన్ ఏమీ లేదు. ఒక ప్లాస్టిక్ షీటు, ఒక పద్ధతి.

ఆ రాత్రి డాక్టరమ్మ పైమేడ నుంచి దిగి వచ్చింది. వదిన పొట్ట మీద చెయ్యి పెట్టి గట్టిగా పిసకడం మొదలుపెట్టింది. రెండు చేతులకూ సెలైన్లు. ఆక్సిటోసిన్ ఇచ్చారు. ఇంకో చిన్న సీసా మందు నరంలోకి మెల్లగా ఎక్కించారు. దాని పేరు ట్రానెగ్జామిక్ యాసిడ్. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు అది. 1960ల మొదట్లో జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే శాస్త్రవేత్త, ఆమె భర్త షోసుకే కలిసి దాన్ని కనిపెట్టారు. కాన్పుల్లో పోయే ప్రాణాలకు ఇది పనికొస్తుందని ఆమె ఆశ. కానీ అప్పటి డాక్టర్లు పట్టించుకోలేదు. 21 దేశాల్లో 20,060 మంది తల్లుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. మూడు గంటల లోపల ఇస్తే రక్తస్రావ మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. ఉటాకో అంతకు ముందటి సంవత్సరమే, 2016లో, చనిపోయింది. ఆమె ఫలితం చూడలేదు. మా వదిన ఆమె పేరు వినలేదు.

ఈ మందు గురించే ఇంకొక లెక్క కూడా చదివాను. ఇవ్వడంలో ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి దాని ఫలితం సుమారు 10 శాతం తగ్గుతుందట. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. నా పావుగంట నాకు తెలుసు.

రక్తం తగ్గింది కానీ ఆగలేదు. అక్కడ రక్తం నిల్వ లేదు. థానేకు తీసుకుపోవాలి అంది డాక్టరమ్మ. 108కు ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఆమె ఒక పని చేసింది. ఒక నిరోధ్‌ను రబ్బరు గొట్టానికి దారంతో కట్టి, లోపల పెట్టి, సెలైన్‌తో నింపింది. అది బుగ్గలా ఉబ్బి లోపలి గోడలను నొక్కుతుంది. అమ్మ అది చూసి తల తిప్పుకుంది. తర్వాత ఎన్నో రోజులు ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఇప్పుడు సిగ్గు లేదు. ఆ ఉపాయం బంగ్లాదేశ్‌లో ఢాకా డాక్టర్ సయేబా అఖ్తర్‌ది. విదేశీ బెలూన్ కొనే డబ్బు లేని చోట చేతికి దొరికిన దానితో ఆమె చేసి చూపించింది. 2003లో 23 మంది మీద వాడిన వివరాలు ప్రచురిస్తే, అందరికీ రక్తం ఆగిందని ఉంది. మన డిపార్ట్‌మెంట్‌లో స్త్రీల గురించి ఎన్నో పాఠాలు చదువుతున్నాం. ఈ ఇద్దరి పేర్లు కూడా మన గోడ మీద ఉండాలని నా కోరిక.

అంజూర్ ఫాటా నుంచి కశేళి వంతెన దాకా లారీలు. భివండి చుట్టూ గోదాములు కదా, రాత్రిపూటే వాటికి పగలు. అంబులెన్స్‌లో డాక్టరమ్మ కూడా ఎక్కింది. దారి పొడుగునా వదిన పొట్ట మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ముందు సీటులో ఉన్నాను. వెనక అమ్మ వదినను మాట్లాడిస్తూనే ఉంది. "పండుకోకు బిడ్డా, సిరిసిల్ల గురించి చెప్పు, మీ వాగు గురించి చెప్పు" అంటోంది. వదిన ఏమీ చెప్పలేదు.

థానేలో పెద్దాసుపత్రి. వదిన హిమోగ్లోబిన్ 5.2. "రక్తం కావాలి, డోనర్లను పిలవండి" అన్నారు. బాపు, అన్న తడిసిపోయి బండి మీద వచ్చారు. బాపు కార్ఖానా ముకాదమ్‌కు ఫోన్ చేశాడు. భివండిలో సాంచాలు రెండు పాళీలుగా నడుస్తాయి, రాత్రిపాళీ వాళ్ళు పనిలో ఉన్నారు. గంటన్నరలో ఒక టెంపో వచ్చి ఆగింది. అందులో నుంచి ఏడుగురు దిగారు. ఇద్దరు మనవాళ్ళు, ఐదుగురు యూపీ, బీహార్ భాయ్‌లు. జుట్టులో, కనుబొమ్మల్లో దూది పోగులు. సాంచా ఆగితే ఆ గంటల మీటర్లు పోయినట్టే, మీటరు లెక్కనే కూలీ. అది తెలిసీ వచ్చారు. ఒకరికి 45 కిలోల బరువు లేదని, ఒకరికి ఈ మధ్యనే మలేరియా వచ్చిందని వాపసు పంపారు. బరువు లేదన్న భాయ్ బయట మెట్ల మీద తలవంచుకుని కూర్చున్నాడు. తప్పు చేసినవాడిలా. ఆయన ముఖం మన శిబిరం రోజు నాకు గుర్తొచ్చింది.

ఐదుగురు రక్తం ఇచ్చారు. అయితే వాళ్ళ రక్తం వదినకు ఎక్కలేదు! ఇది నాకు అక్కడే తెలిసింది. ఇచ్చిన రక్తాన్ని హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా ఇన్ని పరీక్షలు చేశాకే ఎవరికైనా ఇస్తారు. వదినకు ఎక్కింది అంతకు ముందు ఎవరో ఎక్కడో ఇచ్చి పోయినది. మా కార్ఖానా వాళ్ళది ఆ తర్వాత వచ్చిన వేరే ఎవరికో పోయి ఉంటుంది. రెండు దిక్కులా పేర్లు తెలియవు. సంచిలోని రక్తాన్ని మళ్ళీ వేరు చేస్తారు, ఎర్రకణాలు ఒక సంచి, ప్లాస్మా ఒక సంచి, ప్లేట్‌లెట్లు ఒక సంచి. ఎర్రకణాల సంచి ఒకటి ఎక్కితే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. కానీ ఎక్కువ రక్తం పోయిన మనిషికి గడ్డకట్టే పదార్థాలు కూడా పోయి ఉంటాయి, అందుకే ప్లాస్మా కూడా కావాలి. తెల్లారేసరికి వదినకు ఐదు సంచుల ఎర్రకణాలు, నాలుగు సంచుల ప్లాస్మా ఎక్కాయి. గర్భసంచి తీసేయాల్సి రావొచ్చని సంతకం పెట్టించుకున్నారు. అవసరం పడలేదు.

రక్తం ఎక్కించడానికీ కాన్పులకూ పాత సంబంధమే ఉంది. 1818లో లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే డాక్టర్ మొదటిసారి మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించి చూశాడు. ఆయన ప్రసూతి వైద్యుడు. కాన్పులో రక్తం పోయి కండ్ల ముందే ప్రాణాలు పోతుంటే చూడలేక ఆ ఆలోచన చేశాడు. అప్పటికి గ్రూపులు తెలియవు, కొందరు బతికేవారు, కొందరు పోయేవారు. 1901లో కార్ల్ లాండ్‌స్టీనర్ గ్రూపులను కనిపెట్టాకే కారణం తెలిసింది. మా పక్కనున్న బొంబాయి పేరుతో కూడా ఒక గ్రూపు ఉంది. 1952లో డాక్టర్ భేండే, ఆయన తోటివాళ్ళు అక్కడ గుర్తించారు. ఆ గ్రూపు వాళ్ళకు ఓ గ్రూపు రక్తం కూడా పడదు, వాళ్ళలో వాళ్ళే ఇచ్చుకోవాలి. వదినది మామూలు బి పాజిటివ్. అయినా గ్రూపు కలిస్తే సరిపోదు, ఆ సంచీ రక్తాన్నీ వదిన రక్తాన్నీ కలిపి చూసి, పడుతుందని తేలాకే ఇచ్చారు. ఆ ఎదురుచూపు మాకు ఏడాది లాగ అనిపించింది.

వారం తర్వాత వదిన ఇంటికి వచ్చింది. బాపమ్మ దిష్టి తీసింది. రాత్రి అన్నం తింటుంటే "ఎవల రక్తమో, ఏం కులమో, ఏం మతమో" అని మెల్లగా అంది. ఎవ్వరం మాట్లాడలేదు. బాపు ముద్ద కింద పెట్టి, "ఆ రక్తం లేకపోతే ఇయ్యాల నీ మనుమరాలికి తల్లి లేదమ్మా" అన్నాడు. బాపమ్మ చాలా సేపు ఊరుకుంది. తర్వాత మేం ఎప్పుడూ వినని సంగతి చెప్పింది. ఆమెకు ఒక అక్క ఉండేదట. మూడో కాన్పు, ఊర్లోనే. మాయ రాలేదు. మంత్రసాని తెల్లారేదాకా కూర్చుంది. గాలి సోకిందని ఎవరినో పిలిచి మంత్రం వేయించారు. "అది గూడ దూప దూప అన్నది. నేనే వొద్దన్న. పచ్చి బాలింతకు నీళ్ళేంది అన్న" అంది బాపమ్మ. అప్పుడామెకు పదిహేనేండ్లట. నాకు నీళ్ళు ఇయ్యొద్దని చెప్పి పంపిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఎంత బరువైనదో ఆ రాత్రి తెలిసింది. ఆమె అక్క మంచం పక్కన ఆమె, మా వదిన మంచం పక్కన నేను. తేడా ఏమిటంటే నా వెనక అమ్మ వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, 108 వచ్చింది, టెంపో వచ్చింది.

ఆ తేడా ఒక్క మా ఇంటిది కాదు. 2018-20 ప్రభుత్వ లెక్కల్లో మన దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతున్నారు. తెలంగాణలో 43, మహారాష్ట్రలో 33, కేరళలో 19. ఒకప్పటితో చూస్తే చాలా తగ్గింది. అయితే ఇంకో లెక్క ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. అంటే ఈ గోడ ముందు నిలబడి ఇది చదువుతున్న మనలో సగం మందికి పైగా! రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో అందరికంటే తక్కువ పోయినా తట్టుకోలేదు. వదిన దగ్గర పోవడానికే ఎక్కువ లేదు. ఆ 9 పరుపు కింది గోలీలతో 11 అయ్యుండేదేమో.

నిజం చెప్పాలంటే నేనేం తక్కువ తినలేదు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీని మేమందరం బాత్‌రూం వెనక పారేసేవాళ్ళం. పొద్దున తినకుండా చాయ్ తాగి కాలేజీకి వస్తాను, మీలో చాలామంది లాగే. అన్నంతో పాటు చాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని, నిమ్మకాయో ఉసిరికాయో తింటే పడుతుందని ఇప్పుడు తెలిసింది. వదిన సంగతి చూసి, బాపమ్మ సంగతి విని, ఇంత చదివి, చివరికి శిబిరంలో నా నంబరు 10.8. ఐదుగురు సాంచాలాపి వచ్చి ఇచ్చిన రక్తానికి బదులు ఒక్క సంచి ఇద్దామని పోయి, ఇచ్చే స్తోమత లేక తిరిగొచ్చాను. అందుకు ఏడ్చాను.

ఇది రాసే ముందు వదినకు ఫోన్ చేశాను. రాయొచ్చా అని అడిగాను. ఆ రాత్రి నేను హిందీలో ఏమన్నానో, ఏం అనలేదో మొదటిసారి చెప్పాను. మూడేండ్లు లోపలే పెట్టుకున్నాను. ఫోన్లో వెనక పాప ఏదో అడుగుతోంది, కండెలు చుట్టే మిషన్ చప్పుడు వినిపిస్తోంది. వదిన కొంచెం సేపు ఆగి, "నువ్వేమన్నవో నాకేం యాదికి లేదు. దూప ఒక్కటే యాదికున్నది. నువ్వు నీళ్ళియ్యలే" అంది. "తప్పయింది వదినా" అన్నాను. "రాయి. దూప అయినదని గూడ రాయి. ఎవలకన్న పనికొస్తది" అంది.

అందుకే రాశాను. రేపు మన అక్కలకో, వదినలకో కాన్పు అయినప్పుడు మంచం పక్కన కూర్చునేది మనమే. దుప్పటి ఎత్తి చూడండి. గంట లోపలే ప్యాడ్ పూర్తిగా తడిసి మార్చాల్సి వస్తే, దూప అంటే, చల్లటి చెమట పడితే, పానం ఎట్లనో అయితుందంటే, ఆ మాటను మర్యాద భాషలోకి మార్చకండి. ఉన్నదున్నట్టు, గట్టిగా, ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. కాన్పుకు ముందే గ్రూపు ఏమిటో, రక్తం ఎక్కడ దొరుకుతుందో అడిగి పెట్టుకోండి. 18 ఏండ్లు నిండి, 45 కిలోలు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే మనం రక్తం ఇవ్వొచ్చు. ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. వేసవికి ముందు మళ్ళీ శిబిరం ఉందని మేడమ్ చెప్పారు.

శిబిరం నుంచి వచ్చినప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక ఐరన్ గోలీ వేసుకుంటున్నాను. మొదటి పది రోజులు వదిన చెప్పినట్టే కడుపులో తిప్పింది. పోయిన వారం పరీక్ష చేయించుకున్నాను. 12.1. ఇంకా 0.4 కావాలి.

– ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని